నీటిరంగుల చిత్రకారులకు తోటివారి తోడు కావాలి

సంపాదకులకు,

నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో చిత్రకళా పోటీల ఫలితాలు, ప్రదర్శనల ప్రారంభోత్సవాలు, బహుమతి ప్రదానాల వార్తలు తరచుగా వస్తుంటాయి. కళల గురించి రాసే చోటు తగ్గిపోతున్న కాలంలో వాటికి స్థానం కల్పిస్తున్నందుకు నా వంటి పాఠకులు మీకు కృతజ్ఞులు. అయితే బహుమతి అందుకున్న ఆ యువతీయువకులు ఎవరి పక్కన కూర్చొని కుంచె పట్టారు, వాళ్ళ బొమ్మను చూసి నిర్మొహమాటంగా మాట చెప్పినవారు ఎవరు, ఎవరి బొమ్మ చూసి వాళ్ళకు పట్టుదల పుట్టింది అన్న విషయాలు ఆ వార్తల్లో ఉండవు. ఒక చిత్రకారుడి ఎదుగుదలలో, మరీ ముఖ్యంగా నీటిరంగుల చిత్రకారుడి ఎదుగుదలలో, తోటివాళ్ళ సాంగత్యం పాత్ర గురువు పాత్రకు ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం. ఆ సాంగత్యానికి మన ఊళ్ళలో కాస్త చోటు, కాస్త ఆదరణ కల్పించాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. రాజమహేంద్రవరంలో ఉంటూ చాలాకాలంగా నీటిరంగులతో బొమ్మలు వేస్తున్నవాణ్ణి కనుక ఈ ఊరి చరిత్రతోనే ఎక్కువగా మాట్లాడతాను.

నీటిరంగులకు ఈ తోడు మరీ ఎందుకు అవసరమో ముందు చెప్పాలి. ఈ పనిలో అసలు విద్యంతా తడిని కనిపెట్టడంలో ఉంది. పరచిన నీరు కాగితం మీద ఇంకా మెరుస్తుండగా రంగు పెడితే అది అంచులు లేకుండా పాకిపోతుంది. మెరుపు పోయి తడి మాత్రం మిగిలి ఉన్న కొద్ది క్షణాల్లో పెడితే అంచు మెత్తగా నిలుస్తుంది; దూరపు కొండలకూ, ఏటి అవతలి ఒడ్డుకూ కావలసింది ఆ అంచే. అదే చోట నీరెక్కువైన కుంచె తగిలితే ఆ నీరు ఆరుతున్న రంగును పక్కకు నెట్టి, చుట్టూ వంకర అంచుతో మరక కట్టేస్తుంది. ఆరాక రంగు పాలిపోతుంది గనుక తడిగా ఉన్నప్పుడే కావలసినదానికంటే కాస్త చిక్కగా వెయ్యాలి. తెలుపు కావలసిన చోట కాగితాన్ని మొదటి నుంచీ వదిలి ఉంచాలి, ఎందుకంటే నూనెరంగుల్లో లాగా చివర్లో పైనుంచి తెలుపు దిద్దుకోవడం సంప్రదాయ నీటిరంగుల పద్ధతిలో లేదు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, వీడియోల్లోనూ ఉన్నాయి. కాని ఆ కొద్ది క్షణాలు ఎంతసేపన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు. మే నెలలో గోదావరి గట్టున కూర్చుంటే ఆకాశం సగం పరిచేసరికి మొదలుపెట్టిన చోటు ఆరిపోతుంది. డిసెంబరు పొద్దుటి మంచులో ఎంతసేపు ఎదురుచూసినా అదే కాగితం ఆరదు. నూలుతో చేసిన 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాగితం నీటిని తనలోకి తీసుకొని పట్టి ఉంచుతుంది. చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితం ఆ పని చెయ్యలేదు. అల్ట్రామెరైన్ నీలం కాగితపు గుంటల్లో రేణువులుగా దిగుతుంది, అవసరమైతే తడి కుంచెతో చాలావరకు తీసెయ్యవచ్చు. థాలో నీలం మాత్రం పడిన చోట అంటుకుపోతుంది. అదే గాలిలో, అదే ఎండలో, అదే రకం కాగితం మీద పనిచేస్తున్న మరొక మనిషిని పక్కనుంచి చూసినప్పుడు, "ఆగండి, ఇంకా తడి ఉంది" అని ఆ మనిషి మన చెయ్యి ఆపినప్పుడు ఈ తేడాలు వంటబడతాయి. వీడియోలో ఆరే సమయాన్ని కత్తిరించేస్తారు. నేర్చుకునేవాడికి కావలసింది సరిగ్గా ఆ కత్తిరించిన భాగమే.

నూరేళ్ళ కిందట మా ఊళ్ళో ఈ విద్య అలాగే మొదలైంది. ఇక్కడి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే చిత్రకళ నేర్పడానికి వచ్చినవారు కారు. అయినా ఆయన స్వయంగా నీటిరంగులు వేసేవారు. అభిరుచి ఉన్న కుర్రవాళ్ళను వెంటబెట్టుకొని గోదావరి ఒడ్డుకు వెళ్ళేవారు. ఆయన చుట్టూ చేరినవాళ్ళలో దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నం, అడివి బాపిరాజు ఉన్నారు. కవి, కథకుడు కవికొండల వెంకటరావు కూడా ఆ బృందంలోనివారే. కళాశాల ప్రిన్సిపాలు కాగితం, రంగుల పెట్టె పట్టుకొని విద్యార్థుల పక్కన గట్టు మీద కూర్చోవడమన్నది ఆ రోజుల్లో ఎంత అరుదైన దృశ్యమో ఊహించుకోవచ్చు. ఆ కూర్చోవడంలో గురువుకూ శిష్యుడికీ ఉండే దూరం తగ్గి, ఇద్దరూ ఒకే నదిని చూస్తున్న చిత్రకారులయ్యారు.

ఆ స్నేహబృందం నుంచి ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు. కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగివచ్చి, 1923లో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల స్థాపించారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. ఇంటి ఆడవాళ్ళు కుంచె పట్టడాన్ని సహజంగా తీసుకున్న వాతావరణం అది. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28 ఏళ్ళు నిండకుండానే దామెర్ల కన్నుమూశారు. ఆయన ప్రతిభను గురించి ఎందరో రాశారు, రాయవలసిందే. నన్ను అంతకంటే ఎక్కువగా కదిలించేది వరదా వెంకటరత్నం గారి జీవితం. ఆయన స్వయంగా చిత్రకారుడు. తన పేరు కోసం తన దారిన తాను పోయి ఉండవచ్చు. అలా పోకుండా స్నేహితుడు మొదలుపెట్టిన పాఠశాలను భుజాన వేసుకున్నారు, స్నేహితుడి బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. ఈనాడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో నిలబడి మనం ఆ చిత్రాలను చూడగలుగుతున్నామంటే దాని వెనుక ఆ స్నేహం ఉంది. ఆంధ్ర చిత్రకళ అంటూ ఈరోజు మనం చెప్పుకునే మాటకు పునాది ఆ ఒక్క బృందంలోని నలుగురైదుగురి కలయికలో పడిందని నేను అనుకుంటాను.

అదే బృందంలోని బాపిరాజు గారి దారిని వెనక్కి పట్టుకొని పోతే ఇంకా ఆసక్తికరమైన సంగతి కనిపిస్తుంది. ఆయన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటోపాధ్యాయ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. చటోపాధ్యాయ కలకత్తాలో బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాకూర్ పరంపరలో తయారైనవారు. ఆ పరంపరకు పేరు తెచ్చిన వాష్ పద్ధతి పుట్టుకలోనూ ఒక సాంగత్యమే ఉంది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాను చిత్రకారులు కలకత్తా వచ్చి ఠాకూర్ల ఇంటి వాతావరణంలో కొంతకాలం గడిపారు. తైకాన్ వెడల్పాటి కుంచెతో కాగితాన్ని తడుపుకుంటూ రంగు వెయ్యడాన్ని అవనీంద్రనాథ్ పక్కనుండి చూశారు. చూసి, ఉన్నది ఉన్నట్టు తీసుకోకుండా, వేసిన బొమ్మను మొత్తంగా నీళ్ళలో ముంచి తీసి, దాని మీద మళ్ళీ పలుచని రంగు పరిచి, మళ్ళీ ముంచే పద్ధతిని రూపొందించుకున్నారు. ప్రతిసారీ పైనున్న రంగు కొంత కొట్టుకుపోయి, కాగితం పీల్చుకున్నది మాత్రం మిగులుతుంది. అలా పొరమీద పొరగా వచ్చే ఆ మసక వెలుగును ఒక్కసారి రంగు వేసి తెప్పించడం సాధ్యం కాదు. టోక్యో నుంచి వచ్చిన ఒక చేతి ఒడుపు కలకత్తాలో రూపు మార్చుకొని, బందరు సముద్రతీరానికి చేరి, తెలుగు నవలాకారుడైన బాపిరాజు గారి కుంచెలోకి వచ్చిందంటే అది ఉత్తరాల ద్వారా రాలేదు, పాఠ్యపుస్తకాల ద్వారా రాలేదు. దారి పొడుగునా ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు కనుక వచ్చింది.

నీటిరంగులకు స్వతంత్ర కళగా గౌరవం దక్కిన ఇంగ్లండులోనూ జరిగింది ఇటువంటిదే. 1790లలో లండన్‌లో థామస్ మన్రో అనే వైద్యుడు శీతాకాలపు సాయంకాలాల్లో యువ చిత్రకారులను తన ఇంటికి పిలిచి, తన సేకరణలోని బొమ్మలకు నకళ్ళు వేయించేవారు. కొద్దిపాటి డబ్బూ, రాత్రి భోజనమూ ఇచ్చేవారు. అక్కడ ఒకే బల్ల దగ్గర పనిచేసిన ఇద్దరు కుర్రవాళ్ళు, తర్వాత గొప్ప చిత్రకారులుగా పేరుపొందిన టర్నర్, గర్టిన్. గర్టిన్ రేఖలు గీస్తే టర్నర్ వాటిలో వెలుగునీడల రంగులు నింపేవాడని ఆనాటి డైరీల్లో నమోదైంది. తర్వాత 1799లో గర్టిన్, అతని మిత్రులు కలిసి ఒక స్కెచింగ్ సంఘం పెట్టుకున్నారు. సాయంత్రం ఒకరి ఇంట్లో చేరడం, ఒక పద్యభాగం ఎంచుకోవడం, అందరూ దాని మీదే దృశ్యం చిత్రించడం వాళ్ళ పద్ధతి. కాగితాలు, రంగులు సిద్ధం చేసి ఉంచే బాధ్యత ఆతిథ్యమిచ్చిన వ్యక్తిది; ఆ రాత్రి వేసిన బొమ్మలన్నీ అతనికే చెందేవి. ఒకే పద్యం నుంచి అన్ని భిన్నమైన దృశ్యాలు పుట్టడాన్ని ప్రతివారమూ కళ్ళారా చూసే మనిషికి తన చూపు ఏమిటో త్వరగా తెలిసివస్తుంది. ఆ సంఘంలో ఉన్న లూయి ఫ్రాన్షియా తర్వాత ఫ్రాన్సులోని తన ఊరు కలేకు తిరిగివెళ్ళి బానింగ్టన్ అనే కుర్రవాడికి నీటిరంగులు నేర్పాడు. గర్టిన్ 1802లో, దామెర్ల లాగానే 27 ఏళ్ళ వయసులో చనిపోయాడు. రెండేళ్ళ తర్వాత, 1804లో, లండన్‌లో నీటిరంగుల చిత్రకారుల సొసైటీ ఏర్పడింది. రాయల్ అకాడమీ ప్రదర్శనల్లో పెద్ద పెద్ద నూనెరంగుల చిత్రాల మధ్య తమ బొమ్మలు వెలవెలబోతున్నాయన్న బాధ అందరిలోనూ ఉంది. విడివిడిగా ఎవరూ ఏమీ చెయ్యలేకపోయిన ఆ విషయంలో పదిమందీ కలిసి తమ ప్రదర్శనను తామే పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. అందరూ కలిసి కూర్చుంటే అందరి బొమ్మలూ ఒకేలా తయారవుతాయని, నిజమైన కళాకారుడు ఒంటరిగానే ఎదుగుతాడని చాలామంది అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. టర్నర్, గర్టిన్‌ల తొలినాళ్ళ బొమ్మల్లో ఏది ఎవరిదో చెప్పడం నిపుణులకు కూడా కష్టమే. అయితే ఆ పోలిక అక్కడ ఆగిపోలేదు. పదేళ్ళు తిరక్కుండానే ఇద్దరూ ఒకరితో ఒకరికి పొంతన లేని చిత్రకారులయ్యారు. చేతికి పని అలవడే దశలో ఒకరినొకరు అనుకరించడం దోషమని నేను అనుకోను. బయటినుంచి వచ్చిన పేరున్న చిత్రకారుడు రెండు గంటల డెమో ఇచ్చి వెళ్ళాక ఊళ్ళో అందరూ ఏళ్ళ తరబడి అదే పడవను, అదే వర్షపు వీధిని, అవే గొడుగులను వేస్తూ ఉండిపోతే మాత్రం అది దోషమే, దాన్ని మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. దానికి మందు మళ్ళీ బృందంలోనే ఉంది: డెమో చూసి ఇంటికి పోకుండా, మర్నాడు అందరూ తమ ఊరి దృశ్యం ముందు కూర్చొని, నేర్చుకున్నది ఇక్కడి వెలుగుకు పనికొస్తుందో లేదో పరీక్షించుకోవాలి. ఇంగ్లండు ఆకాశం కోసం పుట్టిన బూడిదరంగు మిశ్రమాలు మన ఏప్రిల్ ఎండకు ఎంతవరకు సరిపోతాయన్నది ఒక్కరు తేల్చుకునే విషయం కాదు.

ఒంటరి సాధనకు ఉదాహరణగా వడ్డాది పాపయ్య గారి పేరు చెబుతారు. ఆయన ప్రచారానికి దూరంగా ఉన్న మాట వాస్తవమే. కాని ఆయనకు తొలి పాఠాలు డ్రాయింగ్ మాస్టారైన తండ్రి పక్కన దొరికాయి. తర్వాత ఆయన బొమ్మలు వచ్చిన చందమామలోనే ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్ వంటి దిగ్గజాల బొమ్మలు కూడా వచ్చేవి. సమఉజ్జీల పని మధ్య తన పని అచ్చవుతున్నదన్న ఎరుక ఏ చిత్రకారుణ్ణైనా నిటారుగా నిలబెడుతుంది. ఏకాంతం కావలసిందే; చివరికి బొమ్మ వేసేది ఒక్క చెయ్యే. ఆ ఏకాంతంలోకి చిత్రకారుడు ఏమి తీసుకువెళ్తాడన్నది మాత్రం అంతకుముందు తను గడిపిన సాంగత్యాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వస్తాను. హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో, మా రాజమహేంద్రవరంలో ఆదివారం పొద్దున్నే ఒకచోట చేరి బొమ్మలు వేసే చిన్న చిన్న బృందాలు ఉన్నాయి. మేము పుష్కర ఘాట్ దగ్గరో, పాత హేవ్‌లాక్ వంతెన కనిపించే చోటో, కడియం నర్సరీల మధ్యనో కూర్చుంటాం. వచ్చేవాళ్ళలో విద్యార్థులు, గృహిణులు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన ఉపాధ్యాయులు, సైన్‌బోర్డులు రాసి బతికిన పెద్దవాళ్ళు ఉంటారు. ఈ చివరివాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. ఫ్లెక్సీలు వచ్చాక పని పోగొట్టుకున్న ఆ చిత్రకారుల చేతిలో ఉన్న కుంచె పట్టు, ఒకే ఊపులో గీత లాగే ధైర్యం, కళాశాలలో చదివిన పిల్లలకు చాలామందికి లేవు. ఆ పిల్లలకు తెలిసిన రంగుల లక్షణాలు, కాగితాల రకాలు ఆ పెద్దవాళ్ళకు తెలియవు. ఒక్క పొద్దుటి పూట ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే రెండు వైపులా జరిగే మేలును ఏ శిక్షణా తరగతీ ఇవ్వలేదు.

బృందం వల్ల కలిగే మరో మేలు స్త్రీల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక అమ్మాయి ఒంటరిగా ఘాట్ మెట్ల మీద కూర్చొని బొమ్మ వెయ్యాలంటే చుట్టూ గుమిగూడే జనం, ప్రశ్నలు, వ్యాఖ్యలు ఆమెను అరగంట కూడా నిలవనివ్వవు. పదిమందితో కలిసి కూర్చున్నప్పుడు ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది, ఆమె దృష్టి కాగితం మీద నిలుస్తుంది. ఆరుబయట చిత్రించే అవకాశమే లేకపోతే ప్రకృతి దృశ్యాలను ఫొటోలు చూసి వేసుకోవలసి వస్తుంది. ఫొటోలో నీడలు ఉన్నదానికంటే నల్లగా, వెలుగు ఉన్నదానికంటే తెల్లగా పడతాయి కనుక ఆ అలవాటు ఆమె రంగులను దెబ్బతీస్తుంది.

ఖర్చు సంగతి కూడా చిన్నది కాదు. మంచి నూలు కాగితం 22×30 అంగుళాల ఒక్క షీటు ధర విద్యార్థికి భారమే. అందుకని చాలామంది చవక కాగితం మీదే సాధన చేసి, తడి నిలవని ఆ కాగితం చేసే మోసాన్ని తమ చేతగానితనం అనుకొని మానేస్తారు. బృందంగా కట్టలు తెప్పించుకొని, షీటును నాలుగు ముక్కలు చేసి పంచుకుంటే ఆ భారం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, "లోపం కాగితానిది, నీది కాదు" అని చెప్పే మనిషి పక్కన ఉంటాడు. ఆ ఒక్క మాట దొరక్క రంగులు అటక మీద పెట్టేసినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

పని ముగిశాక బొమ్మలన్నీ గట్టు మీద వరుసగా పెట్టి చూసుకునే పావుగంట ఈ కలయికల్లో అతి విలువైనది, అతి సున్నితమైనది కూడా. అక్కడ అందరూ అందరినీ పొగిడితే ఎవరికీ ఉపయోగం లేదు. పెద్దవాళ్ళు తీర్పులిచ్చి చిన్నవాళ్ళు తలవంచుకుంటే అంతకంటే నష్టం. ఏ చోట రంగు ఎక్కువసార్లు రుద్దడం వల్ల బురదగా మారింది, ఏ తెలుపును వదిలి ఉంటే నీటి మెరుపు వచ్చేది అని చోటు చూపించి మాట్లాడే అలవాటు కావాలి. పెద్ద చిత్రకారులు తమ బొమ్మను కూడా అదే వరుసలో పెట్టి, పదిహేనేళ్ళ పిల్లవాడి మాట వినగలగాలి. అది అలవడిన బృందాల్లోనే పిల్లలు నిలుస్తున్నారని నేను గమనించాను.

ఇందుకోసం నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో నెలకు ఒక ఉదయం చిత్రకారులు ఆ చిత్రాల ముందు కూర్చొని, చిత్రాలకు హాని కలగకుండా పెన్సిలుతో మాత్రమే నకళ్ళు వేసుకోవడానికి అధికారులు అనుమతించాలి. ఆ గోడల మీద ఉన్నది గాజు వెనుక చరిత్రగా మాత్రమే మిగలకూడదు. వానాకాలంలో గట్టు మీద కూర్చోవడం కుదరదు కనుక పురపాలక సంఘాలు తమ గ్రంథాలయాల్లోనో, పాఠశాలల్లోనో ఒక గదిని, నీటి కుళాయిని ఆదివారం పూట వాడుకోనివ్వాలి. పోటీలు నిర్వహించే సంస్థలు శాలువాలకూ జ్ఞాపికలకూ పెట్టే ఖర్చులో కొంత భాగం మంచి కాగితానికి మళ్ళించి, పోటీ ముగిసిన మర్నాడు పాల్గొన్నవాళ్ళందరినీ, గెలిచినవాళ్ళనూ ఓడినవాళ్ళనూ కలిపి, ఒక పూట కూర్చోబెట్టాలి. పాఠశాలల డ్రాయింగ్ ఉపాధ్యాయులు తమ పిల్లలను ఒక్కసారైనా ఈ బృందాల దగ్గరకు తీసుకురావాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

మీ పత్రికను కోరేది ఒకటే. ఏ ఊళ్ళో, ఏ ఆదివారం, ఏ చోట చిత్రకారులు కలుస్తున్నారో శనివారం సంచిక జిల్లా పేజీలో నాలుగు పంక్తులు ప్రచురించండి. రంగులు లేనివాళ్ళు కూడా రావచ్చని ఆ పంక్తుల్లో చేర్చండి. మా దగ్గర అదనపు కాగితమూ, కుంచెలూ ఎప్పుడూ ఉంటాయి.

భవదీయుడు,
ఒక నీటిరంగుల చిత్రకారుడు
రాజమహేంద్రవరం